చిన్న కుక్క విషపదార్థం మింగితే లక్షణాల కోసం ఆగవద్దు

రాయ్‌పూర్‌ వంటి నగరాల్లో చిన్న జాతి కుక్కలను పెంచేవారు వాటి అల్లరితో పాటు బరువునూ గుర్తుంచుకోవాలి. 25 కిలోల కుక్క, 5 కిలోల కుక్క ఒకే పరిమాణంలో చాక్లెట్ తింటే, అందులోని థియోబ్రోమిన్ చిన్న కుక్కకు కిలో బరువుకు అయిదు రెట్లు ఎక్కువగా అందుతుంది.

ఎండుద్రాక్ష మూత్రపిండాలను, ఉల్లిపాయ ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. మనుషులు వాడే పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రలు కూడా ప్రమాదకరమే.

కుక్క హుషారుగా ఉందని నిశ్చింతగా ఉండరాదు. రక్తం గడ్డకట్టకుండా చేసే రకం ఎలుకల మందు తిన్న కుక్క రెండు, మూడు రోజులు మామూలుగానే కనిపించవచ్చు. ఆ తర్వాత శరీరం లోపల రక్తస్రావం మొదలవుతుంది. సకాలంలో వైద్యం అందితే విటమిన్ కె1తో కాపాడే అవకాశం ఉంటుంది.

వాంతి చేయించేందుకు ఉప్పునీరు తాగించకూడదు. ఆ ఉప్పే ప్రాణాంతకం కావచ్చు. ఆమ్లం వంటివి మింగినప్పుడు వాంతి అయితే గొంతు మరోసారి కాలుతుంది.

వెంటనే పశువైద్యునికి ఫోన్ చేసి, ఏం తిన్నది, ఎంత, ఎప్పుడు, కుక్క బరువెంత అనే వివరాలు చెప్పాలి. మిగిలిన పొట్లాన్ని, కవరును వెంట తీసుకెళ్లాలి. సంచార పశువైద్య సేవలకు 1962 టోల్‌ఫ్రీ నంబరు ఉన్నప్పటికీ, విషం విషయంలో వాహనం కోసం ఎదురుచూడకుండా సమీప ఆసుపత్రికి తరలించడమే మేలు. రాయ్‌పూర్‌లో మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది కనుక, దారిలో కుక్కను మూసిన కారులో ఒంటరిగా వదలరాదు.

రాత్రివేళ తెరిచి ఉండే ఆసుపత్రి నంబరును ముందే రాసి ఉంచుకోవాలి.