పాత విద్యుత్ మోటారుకు కొత్త పని

కాచిగూడ నుండి షాద్‌నగరు, జడ్చర్ల, మహబూబ్‌నగరు వైపు పోవు రైలు మార్గముపై ఫలక్‌నుమా స్టేషను ఉన్నది. ఆ దారిని నగరమునకు వచ్చు రైతులు పాతబస్తీలోని కబాడీ దుకాణములలో పాత మోటారును బేరమాడుట కద్దు. కొందరి కొట్టములలోనే మూలబడిన మోటారు ఒకటి ఉండును. దానికి డబ్బు చెల్లించుటకు ముందు, లేక ఉన్నదానిని తూకమునకు అమ్మివేయుటకు ముందు, అది ఏ పనికి వచ్చునో, ఏ పనికి రాదో తెలిసికొనుడు.

బోరు నుండి పైకి తీసిన సబ్‌మెర్సిబుల్ మోటారే రైతుల వద్ద ఎక్కువగా మిగులును. దీనిని గట్టుమీద పెట్టి మరొక యంత్రమునకు తగిలింపరాదు. అది నీటిలో మునిగియున్నప్పుడే చల్లబడును. నీరు లేనిచో బేరింగులు, వైండింగు త్వరలోనే చెడిపోవును. మోనోబ్లాకు పంపు మోటారునకు షాఫ్టు పొట్టి, పుల్లీ బిగించుటకు చోటుండదు. మిక్సీ మోటారు, కొన్ని బట్టలుతుకు యంత్రముల మోటార్లు బొగ్గు బ్రష్షులతో నడచును. భారము లేనప్పుడు వీని వేగము అదుపు తప్పి పెరుగును గనుక పొలము పనికి పనికిరావు. పాత పిండిమర నుండో, వర్కుషాపు నుండో వచ్చిన, కాళ్లుండి నేలకు బిగించుటకు వీలైన, షాఫ్టు బయటకున్న ఇండక్షన్ మోటారు మనకు కావలసినది.

దుకాణదారుడు టెస్టు దీపము వెలిగించి చూపి ‘బాగున్నది’ అనును. దీపము వెలిగినచో తీగ తెగలేదని మాత్రమే తెలియును. కరెంటు ఇనుప ఒంటికి పాకుచున్నదో లేదో తెలియదు. అందుకు ఎలక్ట్రీషియను చేత 500 వోల్టుల మెగ్గరుతో పరీక్ష చేయింపవలెను. ఒక మెగోము కంటె తక్కువ వచ్చినచో ఆ మోటారును నడపరాదు. షాఫ్టును చేతితో త్రిప్పి చూడుడు. గరగరలాడినచో బేరింగులు మార్చవలెను. మాడిన వాసన వచ్చినచో వైండింగు కాలినదే. పేరు పలక ఊడిపోయిన మోటారును కొనకపోవుటయే మంచిది. ఫేజు, అశ్వశక్తి, వేగము దానిపైననే ఉండును.

ఇట్టి మోటారుకు అన్నిటికంటె తగిన పని చొప్ప కత్తిరించుట. రెండు మూడు గేదెలున్న ఇంట ఈ పని రోజూ ఉండును, కాని కొద్దిసేపే. పాత వైండింగు వేడెక్కిపోదు. ఒక అశ్వశక్తి మోటారు నిండు భారముతో గంట నడచినచో సుమారు ఒక యూనిట్ కరెంటు ఖర్చగును. మోటారు నిమిషమునకు 1,440 చుట్లు తిరుగుచు, దాని పుల్లీ 3 అంగుళములున్నదనుకొందము. యంత్రము 240 చుట్లు తిరుగవలెనన్నచో 1,440ని 3తో హెచ్చవేసి 240తో భాగింపుడు. యంత్రపు పుల్లీ 18 అంగుళములుండవలెను. చేతితో త్రిప్పుటకు చేసిన యంత్రము పెద్ద వేగమునకు ఓర్వదు. దానిని చేసినవారు చెప్పిన వేగమును ఎన్నడును మించరాదు. మించినచో కత్తి బోల్టులు సడలి ఎగిరిపడును.

చొప్ప యంత్రమున చేతులు పోగొట్టుకొనినవారు పల్లెలలో ఉన్నారు. మేత అందించు తొట్టి, చేయి రోలర్ల దాకా చేరనంత పొడవుండవలెను. బెల్టుకు కప్పు ఉండవలెను. పెక్కు ఇండ్లలో ఈ పని స్త్రీలది. చీర కొంగు, గాజులు, జడ విషయమున మరింత జాగ్రత్త అవసరము. చొప్ప ఇరుక్కొన్నప్పుడు స్విచ్చి ఆపి, చక్రము పూర్తిగా నిలిచిన తరువాతనే ముట్టవలెను. ఫలక్‌నుమా రాజప్రాసాదములోని పెద్ద స్విచ్చి బోర్డు పేరుపడినది. మీ కొట్టమునకు ఒక్క స్విచ్చి చాలును, కాని అది మేత అందించువారి చేతికి అందునట్లుండవలెను.

తూర్పారబట్టు ఫ్యానుకు, మొక్కజొన్న గింజలు ఒలుచు యంత్రమునకు కూడ ఈ లెక్కే వర్తించును. కొడవళ్లు నూరు సానరాయి బిగించువారు రాయిపై వ్రాసిన గరిష్ఠ వేగమును చూడవలెను. 2,880 చుట్ల మోటారుకు పెద్ద రాయి తగిలించినచో పగిలి ముఖముపై పడవచ్చును.

మోటారు ఒంటికి ఎర్తు తీగ తప్పనిసరి. తడి నేల, పశువుల మూత్రము ఉన్న కొట్టమున 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. కూడ పెట్టించుకొనుడు, మనిషినీ గేదెనూ కాపాడునది అదే. ఒక మాట గ్రామాధికారులు కూడ రైతులకు చెప్పవలసి యున్నది. పంపుసెట్టుకిచ్చిన వ్యవసాయ కనెక్షను నుండి వేరు పనికి కరెంటు వాడినచో, 2003 విద్యుత్ చట్టము 126వ సెక్షను క్రింద అనధికార వినియోగముగా లెక్కకట్టి డబ్బు వసూలు చేయవచ్చును. కొట్టమున మోటారు పెట్టదలచినవారు ముందుగా విద్యుత్ కార్యాలయమున అడిగి తగిన కనెక్షను తీసికొనవలెను.

చివరకు రివైండింగు, బేరింగులు, పుల్లీ, బెల్టుల ఖర్చు కూడుడు. మొత్తము కొత్త మోటారు వెలలో సగము దాటినచో పాతదానిని తూకమునకే ఇచ్చివేయుడు. ఇచ్చునప్పుడు లోపలి తీగ రాగిదో, అల్యూమినియముదో చూచుకొని మరీ బేరమాడుడు.