డెబ్బయ్యో ఏట మళ్ళీ మోటారు సైకిలెక్కాడు

మన పల్లెల్లో డెబ్బయ్యో ఏడు వస్తే అరుగు దిగడమే కష్టం. ఆ వయసులో టెడ్ సైమన్ మోటారు సైకిలు మీద రెండోసారి ప్రపంచయాత్రకు బయలుదేరాడు!

ఈ బ్రిటిష్ పత్రికా రచయిత మొదటిసారి లండన్ విడిచింది 1973 అక్టోబరు 6న. అదే రోజు ఈజిప్టు, ఇజ్రాయెల్ మధ్య యుద్ధం మొదలైంది. ఆయన పోవలసిందీ ఈజిప్టు మీదుగానే. అయినా వెనుదిరగలేదు. ట్రయంఫ్ బండిపై నాలుగేళ్ళలో 45 దేశాలు, సుమారు లక్ష కిలోమీటర్లు తిరిగాడు. బ్రెజిల్‌లో గూఢచారి అనుకుని పోలీసులు నిర్బంధించారు. మన దేశంలో జోస్యుడొకాయన నువ్వు బృహస్పతివన్నాడట. ఆ మాటే ఆయన 1979 నాటి పుస్తకానికి పేరైంది: 'జూపిటర్స్ ట్రావెల్స్'.

2001లో ఎక్కింది బి.ఎం.డబ్ల్యు. జి.ఎస్. బండి. తారు రోడ్డు మీదా, రాళ్ళూ బురదా ఉన్న బాటలోనూ నడిచే రకం. నేలకు ఎత్తుగా ఉంటుంది, గతుకులకు తట్టుకుంటుంది. మన డొంకదారులకు సరిపోయేదే, ధర మాట అటుంచితే!

బండి మంచిదైనా కెన్యాలో పడి కాలు విరిగింది. ఇంటిదారి పట్టలేదు. కాలు అతికాక మళ్ళీ బండెక్కి, పాతికేళ్ళ క్రితం తనకు అన్నం పెట్టి, చోటిచ్చిన వాళ్ళను వెతుక్కుంటూ సాగాడు. యాత్ర ముగిసేసరికి 2003 వచ్చింది.

పాత ట్రయంఫును ఇంగ్లండులోని కోవెంట్రీ మ్యూజియంలో ఉంచారు.