ముందు పరీక్ష, తర్వాతే కత్తి

కురవి మండలంలో మిరపకాయ ఏరే రోజుల్లో కూలి స్త్రీ పొద్దు పొడవకముందే ఆటో ఎక్కుతుంది, పొద్దుగూకినాక ఇల్లు చేరుతుంది. నడుంనొప్పి ఉన్నా, తెల్లబట్ట అవుతున్నా ఎవరికీ చెప్పదు. ఓర్చుకోలేని నాడు ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి పోతుంది. ఆయన పట్నంలోని ప్రైవేటు ఆస్పత్రికి పంపిస్తాడు. "గర్భసంచి పాడైంది, ఉంచితే కేన్సరైతది" అన్న ఒక్క మాటతో ఇంటిల్లిపాదీ గడగడలాడిపోతారు. పుస్తెలు కుదువబెట్టి పెద్దాపరేషన్ చేయిస్తారు.

ఇది ఏ ఒక్క తండాకో, ఏ ఒక్క వాడకో పరిమితమైన బాధ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 8 మందికి గర్భసంచి లేదు. దేశం మొత్తం మీద ఈ లెక్క నూటికి 3. ఇక గర్భాశయ ముఖద్వార కేన్సర్ పరీక్ష చేయించుకున్నవారు దేశంలో 30-49 ఏళ్ళ స్త్రీలలో నూటికి ఇద్దరు కూడా లేరు! కత్తి పేదల గడపదాకా వచ్చింది, పరీక్ష మాత్రం రాలేదు. ఎందుకు? ఆపరేషన్‌లో లాభముంది, పరీక్షలో లేదు.

తెల్లబట్ట అయితే కేన్సర్ అని కాదు. చాలామందికి అది మందులతో తగ్గే ఇన్ఫెక్షన్. గర్భాశయ ముఖద్వార కేన్సర్ హెచ్‌పీవీ అనే వైరస్ వదలకుండా ఉండిపోతే వస్తుంది. అది ముదరడానికి సాధారణంగా 15-20 ఏళ్ళు పడుతుంది. ఆలోగా కనిపెడితే దెబ్బతిన్న పొరను మాత్రమే మాడ్చి తీసేయవచ్చు, గర్భసంచి జోలికి పోనక్కరలేదు. అనవసరంగా దాన్ని, దాంతోపాటు అండాశయాలను తీసేస్తే చిన్న వయసులోనే ఎముకలు గుల్లబారతాయి. వంగి నాటు వేయాల్సిన నడుమే కూలిపోతుంది.

ఖరీదైన యంత్రాలేమీ అవసరం లేని పరీక్ష కూడా ఉంది. పలచటి ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లో ఉండే ఆమ్లమే, గర్భాశయ ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం చూస్తారు. తెల్లమచ్చ కనిపిస్తే పైపరీక్షకు పంపుతారు. మచ్చ ఉన్నంత మాత్రాన కేన్సర్ కాదు. ముంబయి మురికివాడల్లో పదో తరగతి చదివిన స్త్రీలకు నాలుగు వారాలు శిక్షణనిచ్చి ఈ పరీక్ష చేయించారు. ఈ కేన్సర్ మరణాలు నూటికి 31 వంతులు తగ్గాయని 2014లో తేల్చారు. 30 ఏళ్ళు దాటినవారికి ఐదేళ్ళకోసారి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షించాలని 2016 కేంద్ర మార్గదర్శకాలే చెబుతున్నాయి.

ఆరోగ్య సిబ్బంది చేయవలసింది స్పష్టం. ఆశ కార్యకర్త ఇంటింటికీ తిరిగి నింపే కాగితం లెక్క కోసం కాకూడదు. మానని నోటిపుండు, రొమ్ములో గడ్డ, ముట్లుడిగాక రక్తస్రావం, కలయిక తర్వాత రక్తం కనిపించడం ఉన్నవారిని వెంటనే డాక్టరు దగ్గరికి చేర్చాలి. పరీక్షకు చాటు గది, మహిళా సిబ్బంది ఉండాలి. లంబాడీ అక్కచెల్లెళ్ళకు వారి భాషలోనే చెప్పాలి. కూలికి పోయిన వేళ శిబిరం పెట్టి "ఎవరూ రాలేదు" అని రాసుకుంటే ఎట్లా?

జబ్బు తేలినవారిని చీటీ రాసి వదిలేయరాదు. హైదరాబాదు ఎం.ఎన్.జె. ప్రభుత్వ కేన్సర్ ఆస్పత్రి ఉంది, 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచిన ఆరోగ్యశ్రీ ఉంది. కానీ తోడు వచ్చేవారి కూలి ఎవరిస్తారు? నయం కాని దశలో ఉన్నవారికి నొప్పి తగ్గించే మార్ఫిన్ దొరకాలి. అందుకోసమే 2014లో చట్టాన్ని సడలించారు.

అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ఆదేశం దానంతటదే తండాకు నడిచి రాదు. మిరప ఏరుడు మొదలుకాకముందే ప్రతి ఊళ్ళో, సాయంత్రం వేళ పరీక్షా శిబిరం పెట్టాలని వ్యవసాయ కార్మిక సంఘాలు, మహిళా సంఘాలు అడగాలి. ఎవరైనా ఆపరేషన్ అంటే "పరీక్ష కాగితం ఏదీ?" అని ప్రతి అక్కా నిలదీయాలి. కూలిరేటు కోసం ఒక్కటైన చేతులు దీనికోసమూ ఒక్కటి కావాలి.