వ్యాయామం - వ్యాధి నివారణ

వ్యాయామం అనగా ఆరోగ్యాన్ని, దేహ దారుఢ్యాన్ని పెంపొందించుకొనుటకు ఒక క్రమం ప్రకారం చేసే శారీరక శ్రమ. వ్యాధి వచ్చిన తరువాత చికిత్స చేయుట కంటే అది రాకుండా చూచుకొనుట మేలు అన్న సూత్రంపై ఆధారపడిన వైద్యశాస్త్ర విభాగాన్ని నివారణ వైద్యం అంటారు. రక్తపోటు, మధుమేహం, గుండె జబ్బులు చాలా ఏళ్ళ పాటు ఏ బాధా కలిగించకుండానే ముదురుతాయి. కనుక వీటి విషయంలో నివారణకు, అందులోనూ వ్యాయామానికి, ప్రత్యేక ప్రాముఖ్యత ఉంది.

చరిత్ర

ఆయుర్వేద గ్రంథాలైన చరక సంహిత, సుశ్రుత సంహితలలో వ్యాయామ ప్రస్తావన ఉంది. మనిషి తన బలంలో సగం వరకే వ్యాయామం చేయవలెనని, అతిగా చేస్తే హాని కలుగుతుందని సుశ్రుతుడు హెచ్చరించాడు. తెలుగునాట తాలింఖానాలలో దండీలు, బస్కీలు, కర్రసాము నేర్పేవారు. చెడుగుడు వంటి ఆటలు కూడా మంచి వ్యాయామమే.

లండన్ బస్సుల పరిశోధన

వ్యాయామానికీ గుండె ఆరోగ్యానికీ గల సంబంధాన్ని ఆధునిక పద్ధతిలో మొదట చూపినవారిలో బ్రిటిష్ వైద్యుడు జెర్రీ మోరిస్ (1910 - 2009) ముఖ్యుడు. ఆయన బృందం లండన్ రవాణా సంస్థలోని సుమారు 31,000 మంది పురుష ఉద్యోగులను పరిశీలించి, ఫలితాలను 1953లో లాన్సెట్ పత్రికలో ప్రచురించింది. డ్రైవర్లు రోజంతా కూర్చొని పని చేస్తారు. కండక్టర్లు రెండంతస్తుల బస్సులలో రోజుకు కొన్ని వందల మెట్లు ఎక్కి దిగుతారు. డ్రైవర్ల కంటే కండక్టర్లలో గుండె జబ్బులు తక్కువగా కనిపించాయి. వచ్చినా ప్రాణాపాయం తక్కువగా ఉంది.

అయితే ఉద్యోగంలో చేరేనాటికే డ్రైవర్లు లావుగా ఉండవచ్చు కదా అన్న సందేహం కలిగింది. మోరిస్ బృందమే 1956లో యూనిఫారాల కొలతలను పరిశీలించగా, డ్రైవర్ల నడుము కొలత ఎక్కువని తేలింది. అందువలన ఆ తేడా అంతటికీ మెట్లు ఎక్కుటే కారణమని చెప్పుటకు వీలులేకపోయింది. తరువాతి పరిశోధనలు వ్యాయామం వలన మేలు కలుగుతుందన్న అభిప్రాయాన్ని బలపరిచాయి.

నివారణ స్థాయిలు

* ప్రాథమిక నివారణ: వ్యాధి రాకుండా చూచుట. ఉదా: టీకాలు, పొగ మానుట, వ్యాయామం.
* ద్వితీయ నివారణ: లక్షణాలు కనబడక ముందే వ్యాధిని గుర్తించుట. ఉదా: రక్తపోటు, చక్కెర పరీక్షలు.
* తృతీయ నివారణ: వచ్చిన వ్యాధి వలన కలిగే నష్టాన్ని తగ్గించుట. ఉదా: గుండెపోటు తరువాత వైద్యుల పర్యవేక్షణలో చేయించే వ్యాయామం.

శరీరంపై ప్రభావం

పని చేసే కండరాలు రక్తంలోని గ్లూకోజును ఎక్కువగా గ్రహిస్తాయి; ఇన్సులిన్ కూడా మరింత బాగా పనిచేస్తుంది. గుండె కండరం బలపడి, తక్కువ సార్లు కొట్టుకొని కూడా చాలినంత రక్తాన్ని పంపుతుంది. రక్తపోటు కొంత తగ్గుతుంది. ఎముకలు గట్టిపడతాయి, నిద్ర బాగా పడుతుంది.

అమెరికాలో 3,234 మందిపై జరిపిన పరిశోధన ఫలితాలు 2002లో వెలువడ్డాయి. వీరంతా మధుమేహానికి చేరువలో ఉన్నవారు. వారానికి 150 నిమిషాల శ్రమ, మితాహారం, బరువు తగ్గుట వలన మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం తగ్గగా, మెట్‌ఫార్మిన్ మాత్రల వలన 31 శాతమే తగ్గింది. 2006లో ప్రచురితమైన భారతీయ పరిశోధనలో కూడా జీవనశైలి మార్పుల వలన ఈ అవకాశం సుమారు 28 శాతం తగ్గింది.

ఎంత వ్యాయామం చేయాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చేసిన సూచనలు:

* పెద్దలు: వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ (ఉదా: వేగంగా నడక), లేదా 75 నుండి 150 నిమిషాల తీవ్ర శ్రమ. వీటితో పాటు వారానికి కనీసం రెండు రోజులు కండరాలను బలపరిచే వ్యాయామాలు.
* 5 నుండి 17 ఏళ్ళ పిల్లలు: రోజుకు సగటున 60 నిమిషాలు.
* 65 ఏళ్ళు దాటినవారు: పై వాటితో పాటు, పడిపోకుండా ఉండుటకు సమతుల్యాన్ని పెంచే వ్యాయామాలు వారానికి మూడు రోజులు.

ఇంటిపని, పొలంపని, సైకిలు తొక్కుట కూడా శారీరక శ్రమ క్రిందికే వస్తాయి. కొద్దిపాటి శ్రమ అయినా ఏమీ చేయకపోవుట కంటే మేలు.

జాగ్రత్తలు

* అలవాటు లేనివారు కొద్దిగా మొదలుపెట్టి క్రమంగా పెంచాలి.
* గుండె జబ్బు ఉన్నవారు ముందుగా వైద్యుని సలహా తీసుకోవాలి. ఛాతీ నొప్పి, కళ్ళు తిరుగుట, విపరీతమైన ఆయాసం కలిగితే వెంటనే ఆపి వైద్య సహాయం పొందాలి.
* ఇన్సులిన్ తీసుకొనేవారికి వ్యాయామ సమయంలో రక్తంలో చక్కెర పడిపోవచ్చు. చక్కెర గాని గ్లూకోజు గాని దగ్గర ఉంచుకోవాలి.
* వేసవిలో మిట్టమధ్యాహ్నపు ఎండలో వ్యాయామం చేయరాదు.
* వ్యాయామం చేస్తున్నామని మందులు మానరాదు. రోజూ నడిచేవారికి కూడా రక్తపోటు, మధుమేహం రావచ్చును. కనుక 30 ఏళ్ళు దాటినవారు ఈ పరీక్షలు చేయించుకొనుట మంచిది.

ఇవి కూడా చూడండి

* మధుమేహం
* రక్తపోటు
* యోగాసనాలు