సెలవుల్లో ఒక రోజు: రాతి ముసుకులో రిబ్కా

వేరుశనగ విత్తే పని మొదలు కాకముందు, ఏప్రిల్, మే నెలల్లో మన అనంతపురం పల్లెల్లో పొలాలు ఖాళీగా ఉంటాయి. పిల్లలకు బడి సెలవులు. పెళ్లికనో, ఆసుపత్రి పనిమీదనో కొన్ని కుటుంబాలు హైదరాబాదు వెళ్తాయి. పని ముగియగానే తిరుగు బండి ఎక్కేస్తాం. మ్యూజియం మాట వస్తే, "అవి చదువుకున్నవాళ్లు చూసేవి, మనకేం తెలుస్తుంది?" అని పెద్దలు జంకుతారు. ఆ జంకు అక్కరలేదు. విడమరచి చెప్పే మనిషి వెంట ఉంటే, అక్షరం రాని అవ్వ కూడా అక్కడ ఎంతో తెలుసుకోగలదు.

మూసీ నది ఒడ్డున ఉన్న సాలార్ జంగ్ మ్యూజియంలో అలాంటి వసతి ఉంది. రోజులో కొన్ని వేళల్లో మ్యూజియం గైడే సందర్శకులను వెంటబెట్టుకొని, వేరే రుసుము లేకుండా చూపిస్తారు. టికెట్టు ఇచ్చేచోట ఆనాటి వేళలు అడగండి. అడగడానికి సిగ్గుపడవద్దు. నిజాం వద్ద దివానులుగా పనిచేసిన సాలార్ జంగ్ వంశీయులు ఈ వస్తువులను సేకరించారు. వారిలో మూడవవారు 1949లో మరణించారు. 1951 డిసెంబరు 16న నెహ్రూగారు ఈ మ్యూజియమును ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టంతో ఇది జాతీయ సంస్థ అయింది. అంటే ఇది ఇప్పుడు నవాబులది కాదు, మనందరిది.

నీళ్లు తోడిన అమ్మాయి

అక్కడ తప్పక చూడవలసినది ముసుకు వేసుకున్న రిబ్కా విగ్రహం. ఇటలీ శిల్పి బెంజోనీ దీనిని పాలరాతిలో చెక్కారు. మొదటి సాలార్ జంగ్ 1876లో రోము నగరంలో దీనిని కొన్నారు. ముఖం మీది ముసుకు కూడా రాయే. అయినా పలుచని తడిగుడ్డ కప్పినట్టు, దాని వెనుక కన్నూ ముక్కూ కనిపిస్తాయి.

ప్రయాణానికి ముందు రాత్రి ఆదికాండము 24వ అధ్యాయం ఇంట్లో చదవండి. ఇస్సాకును చూసి రిబ్కా ఒంటె దిగి ముసుకు వేసుకొన్న ఘట్టం అందులోనిదే. అంతకుముందు ఆమె చేసిన పనిని మన పిల్లలకు గుర్తుచేయండి. దప్పిగొన్న ఒంటె ఒక్కసారికే 100 లీటర్ల దాకా తాగగలదు. ఆ పరదేశి వెంట ఉన్నవి 10 ఒంటెలు. మన ఇళ్లలోని 15 లీటర్ల బిందెతో లెక్కవేస్తే అరవైకి పైగా బిందెలు! ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే మన సీమలో, బోరింగు దగ్గర వరుసలో నిలబడ్డ ఆడపిల్లకు ఆ బరువు ఎంతో ఎవరూ చెప్పనక్కరలేదు. పట్నం పిల్లలకంటే మన పిల్లలకే ఆ విగ్రహం ఎక్కువ అర్థమవుతుంది.

మరికొన్ని

ఒకే చెక్కలో రెండు రూపాలున్న విగ్రహం కూడా అక్కడ ఉంది. ముందువైపు గర్వంతో నిలిచిన సాతాను రూపం. వెనుక అద్దంలో చూస్తే, ప్రార్థన పుస్తకం చేతబట్టి తల వంచుకొన్న అమ్మాయి. సంగీత గడియారం దగ్గర, ప్రతి గంటకూ ఒక బొమ్మ బయటికి వచ్చి గంట కొడుతుంది. పన్నెండింటికి అయితే పన్నెండు దెబ్బలు!

సమయం మిగిలితే నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులోని రాష్ట్ర మ్యూజియమునకు వెళ్లండి. అక్కడ ఈజిప్టు నుంచి వచ్చిన మమ్మీ ఉంది. యాకోబు, యోసేపుల దేహాలను సుగంధద్రవ్యములతో భద్రపరచారని ఆదికాండము చివర చదువుతాం కదా, ఆ దేశపు పద్ధతి ఎలాంటిదో చూడవచ్చు.

గుర్తుంచుకోవలసినవి

సాలార్ జంగ్ మ్యూజియమునకు శుక్రవారం సెలవు. అనంతపురం నుంచి కాచిగూడకు రాత్రి రైళ్లు ఉన్నాయి. అక్కడినుంచి మ్యూజియం కొద్ది దూరమే. మే 18 ప్రపంచ మ్యూజియం దినం. ఆ రోజు చాలాచోట్ల ప్రవేశం ఉచితం. ముందుగా కనుక్కొని బయలుదేరండి. అన్నీ ఒక్కరోజే చూడాలనుకోకండి. నాలుగు వస్తువులు నిదానంగా చూసి, గైడును ప్రశ్నలు అడిగితే చాలు.

ఇంటికి వచ్చాక, ప్రయాణం చేయలేక ఊళ్లోనే ఉండిపోయిన అవ్వ పక్కన పిల్లలను కూర్చోబెట్టి, చూసినదంతా చెప్పించండి. ఈసారి గైడు మీ పిల్లలే.