గజ్జలలో మానని దురద

మన వాడుకలో గజ్జి, తామర అనే మాటలు ఎప్పుడూ జంటగానే వస్తాయి. మందుల ప్రకటనలలోనూ ఇవి కవల పిల్లలవలె కలిసే కనిపిస్తాయి. నిజానికి ఈ రెండింటికీ చుట్టరికం ఏమీ లేదు. గజ్జి కంటికి ఆనీ ఆనని ఒక చిన్న జంతువు వల్ల వచ్చే జబ్బు. తామర శిలీంధ్రం వల్ల, అనగా బూజు జాతికి చెందిన జీవి వల్ల వచ్చే జబ్బు. మొదటిదానికి వాడే మందు రెండవదానికి పనిచేయదు. ఈ భేదం తెలియక ఎందరో నెలల తరబడి బాధపడుతున్నారు. ఆ దురద తొడల మొదట, గజ్జలలో వచ్చినదైతే బాధకు సిగ్గు కూడా తోడవుతుంది.

మూడేళ్ళ క్రిందట మా కళాశాలలో ఇంటర్మీడియట్ చదువుతున్న ఒక విద్యార్థి తరగతి ముగిసిన తరువాత నా గదికి వచ్చాడు. చాలాసేపు తలవంచుకొని నిలబడి, చివరకు ఇలా అడిగాడు: "మాస్టారూ, ఏడు నెలలుగా గజ్జలలో దురద. మందుల దుకాణంలో ఇచ్చిన గొట్టం మందు రాస్తే రెండు రోజులలో తగ్గుతుంది. మానేస్తే ముందుకంటే ఎక్కువగా వస్తుంది. తప్పు మందుదా, నా ఒంటిదా?"

ప్రశ్న చక్కనిది. దానికి సమాధానం చెప్పాలంటే ముందు ఆ జీవి సంగతి తెలుసుకోవాలి.

చర్మం మీద బూజు

నిలువ ఉన్న రొట్టెమీద, తడిసిన తోలు చెప్పులమీద బూజు పట్టడం మనం చూస్తూనే ఉంటాము. తామరను కలిగించే శిలీంధ్రాలు కూడా సన్నని దారాలవంటి పోగులుగా పెరుగుతాయి. అయితే వీటి ఆహారం ప్రత్యేకమైనది. మన చర్మం పైపొరలోను, వెంట్రుకలలోను, గోళ్ళలోను కెరటిన్ అనే గట్టి ప్రోటీన్ ఉన్నది. దానిలోని గంధకపు పరమాణువులు జంటలు జంటలుగా ముడిపడి, పోగులను బిగించి ఉంచుతాయి. వెంట్రుకను కాల్చినప్పుడు వచ్చే ఘాటైన వాసనకు ఈ గంధకం కూడా కారణమే. సాధారణ జీవులు ఈ ప్రోటీన్‌ను జీర్ణం చేసుకోలేవు. ఈ శిలీంధ్రాలు సల్ఫైట్‌ను వెలువరించి ఆ ముడులను విప్పుతాయి. ఆ తరువాత ఎంజైములతో ప్రోటీన్‌ను ముక్కలు చేసి తింటాయి.

వీటి బంధువులు కొన్ని నేలలో ఉండి, రాలిపోయిన ఈకలను, వెంట్రుకలను మట్టిలో కలిపివేస్తాయి. అది ప్రకృతికి మేలుచేసే పారిశుద్ధ్యపు పని. మనిషి చర్మాన్ని నివాసం చేసుకొన్నవి మాత్రం ఆ పనినే మన ఒంటిమీద చేస్తాయి.

రోగానికి సూక్ష్మజీవి కారణమని శాస్త్రజ్ఞులు తొలి రోజులలోనే గ్రహించిన మానవ వ్యాధులలో ఈ జాతి జబ్బులు ఉన్నాయి. 1841 నుండి పారిస్ నగరంలో డేవిడ్ గ్రూబీ అనే వైద్యుడు వీటిలోని శిలీంధ్రాలను సూక్ష్మదర్శినితో చూసి వర్ణించాడు. రాబర్ట్ కాఖ్ ఆంథ్రాక్స్ బాక్టీరియాను గురించి ప్రకటించినది 1876లో. అనగా బాక్టీరియాకంటే ముందే బూజు పట్టుబడినదన్నమాట!

వలయం ఎట్లా ఏర్పడుతుంది?

శిలీంధ్రం చర్మంమీద ఒక బిందువు దగ్గర ప్రారంభించి, అన్ని వైపులకూ సమానంగా ప్రాకుతుంది. దానిమీద మన దేహరక్షణ వ్యవస్థ పోరు సాగిస్తుంది. మధ్యభాగంలో పోరు కొంత చల్లారి, చర్మం మామూలు రంగుకు వస్తుంది. అంచున మాత్రం క్రొత్తగా ఆక్రమించిన చోట ఎరుపు, పొలుసులు, చిన్న పొక్కులు ఉంటాయి. అందువల్లనే గుండ్రని వలయం కనిపిస్తుంది. గజ్జలలో అది తొడ లోపలి వైపునకు దిగే అర్ధచంద్రాకారంగా ఉంటుంది.

ఇక దురద సంగతి. శిలీంధ్రం కొరకదు, కుట్టదు. అది విడిచే పదార్థాలను పరాయివిగా గుర్తించి మన రక్షణకణాలు అక్కడికి చేరుతాయి. ఆ సంరంభంలో పుట్టే రసాయనాలు నాడుల కొనలను ప్రేరేపిస్తాయి. అదే దురద. కాబట్టి దురద శత్రువు చేసే చప్పుడు కాదు. కాపలావాడు కొట్టే గంట. ఈ ఒక్క విషయం గుర్తుంచుకొంటే తరువాతి కథ అంతా సులభంగా అర్థమవుతుంది.

గజ్జలే ఎందుకు? ఈ శిలీంధ్రాలలో చాలావాటికి 25 నుండి 30 డిగ్రీల సెంటిగ్రేడు వెచ్చదనం, తేమ అనుకూలం. రెండు మడతల మధ్య చెమట ఆరదు. నడిచినప్పుడల్లా ఒరిపిడి తప్పదు. బిగుతైన లోదుస్తులు, సింథటిక్ నూలుతో నేసిన పంట్లాములు గాలిని ఆడనీయవు. ఎల్లప్పుడూ తడిగా ఉండే మొలత్రాడు, ఆడవారికి పావడా బొందు బిగించే నడుముభాగం కూడా ఇటువంటి తావులే. చాలామందిలో అసలు స్థావరం పాదాల వ్రేళ్ళ సందులలో ఉంటుంది. పాదాలు తుడుచుకొన్న తువాలుతోనే గజ్జలు తుడుచుకొంటే విత్తనం చల్లినట్లే.

ఒకే దురద, అనేక కారణాలు

గజ్జలలో దురద అంతా తామర కాదు. గజ్జిని కలిగించే పురుగు అర మిల్లీమీటరుకంటే చిన్నది. ఎనిమిది కాళ్ళు ఉండటంవల్ల దీనిని సాలెపురుగుల వర్గంలో చేర్చారు. ఆడపురుగు చర్మం పైపొరలో సొరంగం తొలిచి గుడ్లు పెడుతుంది. గజ్జి దురద రాత్రిపూట ఎక్కువ. చేతివ్రేళ్ళ సందులలోను, మణికట్టువద్ద, మర్మాంగాలమీద పొక్కులు కనిపిస్తాయి. ఇంటిలో మరికొందరు కూడా గోకుకొంటూ ఉంటారు.

కాండిడా అనే మరొక శిలీంధ్రం ఉన్నది. ఇది ఈస్ట్ జాతికి చెందినది. దీనివల్ల మడత మొత్తం ఎర్రబడి, చెమ్మగా ఉండి, అంచు బయట చిన్న చిన్న పొక్కులు చెదరి ఉంటాయి. తామర సాధారణంగా వృషణాల సంచిని విడిచిపెడుతుంది, కాండిడా విడిచిపెట్టదు. కాండిడా మాటిమాటికీ వస్తూంటే రక్తంలో చక్కెర పరీక్ష చేయించడం మంచిది. కొన్నిచోట్ల ఒక బాక్టీరియావల్ల గోధుమరంగు మచ్చలు ఏర్పడతాయి. అతినీలలోహిత కాంతిని ప్రసరింపజేసే వుడ్ దీపం క్రింద ఆ మచ్చలు పగడపు ఎరుపుతో మెరుస్తాయి. సబ్బు పడకపోవడం, బట్టలకు అంటిన డిటర్జెంటు, సోరియాసిస్, పేలు కూడా కారణాలు కావచ్చును.

మరి తామరను నిర్ధారించడం ఎట్లా? దీనికి పెద్ద యంత్రాలేవీ అవసరం లేదు. వలయపు అంచునుండి కొద్దిగా పొలుసులను గీకి గాజుపలకమీద వేసి, ఒక చుక్క 10 శాతం పొటాసియం హైడ్రాక్సైడు ద్రావణం కలుపుతారు. క్షారం కెరటిన్‌ను మెత్తపరచి కరిగిస్తుంది. శిలీంధ్రపు గోడ కైటిన్ అనే వేరొక పదార్థంతో కట్టినది కాబట్టి అది నిలిచి ఉంటుంది. కొద్దిసేపటికి సూక్ష్మదర్శినిలో కొమ్మలు వేసిన సన్నని పోగులు కనబడతాయి. రసాయనశాస్త్రం, జీవశాస్త్రం ఒక చుక్కలో కలిసికొనే ఈ పరీక్షను ఉపాధ్యాయులు తరగతిలో వివరించి చెప్పదగును.

దురద తగ్గింది, జబ్బు పెరిగింది

మా విద్యార్థి వాడిన గొట్టంమీది పేర్లు చదివాను. అందులో మూడు మందులు కలిపి ఉన్నాయి. ఒకటి శిలీంధ్రానికి, ఒకటి బాక్టీరియాకు, మూడవది బలమైన స్టెరాయిడు. స్టెరాయిడు చేసే పని రక్షణకణాల సంరంభాన్ని అణచడం. అందుచేత ఎరుపు తగ్గుతుంది; దురద ఆగుతుంది. రోగి సంతోషిస్తాడు. కాని ఆగినది కాపలావాని గంట మాత్రమే. దొంగ లోపలనే ఉన్నాడు. ఎదిరించేవారు లేకపోవడంతో శిలీంధ్రం నిశ్శబ్దంగా వ్యాపిస్తుంది. మందు మానగానే రక్షణకణాలు మేల్కొంటాయి; అప్పటికి యుద్ధభూమి రెండింతలై ఉంటుంది.

పైగా వలయం రూపం చెదరిపోయి, వైద్యునికి కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది. 1968లో ఐవ్, మార్క్స్ అనే ఇద్దరు వైద్యులు ఈ స్థితికి మారువేషపు తామర అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. గజ్జలలో చర్మం పలుచన. అక్కడ స్టెరాయిడు నెలల తరబడి రాస్తే చర్మం మరింత పలుచబడి చారలు పడతాయి. ఆ చారలు జీవితాంతం పోవు. భారత ప్రభుత్వం 2018లో పలు స్టెరాయిడు లేపనాలను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని నిర్ణయించినది ఇందుకే.

మందుకు లొంగని తామర

శిలీంధ్రాలను కొట్టే మందు తయారుచేయడం తేలిక కాదు. బాక్టీరియాకంటే శిలీంధ్రం మన కణాలకు దగ్గరి బంధువు. శత్రువును కొట్టబోతే మనకూ తగులుతుంది. 1939లో ఒక పెనిసిలియం బూజునుండి గ్రిసియోఫల్విన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. దానిని నోటిద్వారా ఇచ్చి గినీపందులలో తామరను నయం చేయవచ్చునని 1958లో జెంటిల్స్ చూపాడు. తరువాత వచ్చిన మందులు ఒక చిన్న భేదాన్ని ఆసరా చేసికొన్నాయి. మన కణాల పొరలో కొలెస్టరాల్ ఉంటే, శిలీంధ్రాల పొరలో ఎర్గోస్టెరాల్ ఉంటుంది. దాని తయారీకి అవసరమైన ఒక ఎంజైమును టెర్బినఫిన్ అడ్డుకొంటుంది.

కాని గడచిన దశాబ్దంలో మన దేశంలో తామర తీరు మారినది. ఆ ఎంజైములో ఒక ఎమినో ఆమ్లం మారిన శిలీంధ్రాలమీద టెర్బినఫిన్ పట్టు తప్పుతున్నది. 2020లో జపాను పరిశోధకులు, భారత, నేపాల్ దేశీయుల నుండి వేరుచేసిన ఇటువంటి శిలీంధ్రానికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. 2023లో అమెరికాలో నమోదైన తొలి రెండు కేసులు న్యూయార్కులో బయటపడ్డాయి. స్టెరాయిడు కలిపిన లేపనాల విచ్చలవిడి వాడకం, సగంలో మానివేసిన చికిత్సలు దీని వ్యాప్తికి దోహదం చేశాయని చర్మవైద్యులు భావిస్తున్నారు. కాబట్టి ఒకరి గజ్జలలోని దురద ఆ ఒక్కరి సమస్య మాత్రమే కాదు.

చేయవలసినది

మొదటిది, రెండు మూడు వారాలుగా మానని దురదను, లేక మందు మానగానే తిరిగివచ్చే దురదను చర్మవైద్యునికి చూపాలి. అంతవరకు వాడిన గొట్టాన్ని కూడా వెంట తీసుకొనిపోవాలి. రెండవది, వైద్యుడు చెప్పినంత కాలం మందు వాడాలి. చర్మకణం క్రిందిపొరలో పుట్టి పైకి వచ్చి రాలడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. శిలీంధ్రం పట్టిన పొర పూర్తిగా రాలిపోవాలి గదా! పూతమందును వలయం అంచు దాటి సుమారు 2 సెంటీమీటర్ల మేర రాయాలి. కంటికి కనిపించని పోగులు అక్కడ ఉంటాయి.

మూడవది, తేమను ఆరనీయాలి. స్నానం తరువాత గజ్జలను ఒత్తి ఆరబెట్టి, పాదాలను చివర తుడుచుకోవాలి. వదులైన నూలు లోదుస్తులు ధరించి రోజూ మార్చాలి. వాటిని వేడినీటిలో ఉతికి, తిరగవేసి ఎండలో ఆరవేయాలి. తడిసిన మొలత్రాడును జబ్బు తగ్గేవరకు తీసివేయడం మేలు. తువాలు, పంచె, పక్కబట్ట ఒకరివి మరొకరు వాడరాదు. ఇంటిలో ఎవరికి ఉన్నా అందరూ ఒకేసారి చికిత్స పొందాలి. గజ్జికి కూడా ఈ చివరి నియమం తప్పనిసరి.

మా విద్యార్థిని వైద్యునివద్దకు పంపాను. గొట్టం మానగానే కొన్ని రోజులు దురద భరించరానంతగా పెరిగింది. అది ముందే తెలిసి ఉండటంవల్ల ఓర్చుకొన్నాడు. వసతిగృహంలో అతనితో ఒకే తువాలు వాడిన మిత్రునికి కూడా జబ్బు ఉన్నదని తేలింది. ఇద్దరికీ నయం కావడానికి మూడు నెలలకు పైగా పట్టింది. అతని ప్రశ్నకు సమాధానం అప్పటికి అతనికే తెలిసిపోయింది. ఒంటి తప్పేమీ లేదు. అది గంట కొడుతూనే ఉన్నది. జబ్బు పేరు తెలియకుండా గంట నోరు నొక్కడమే తప్పు.

అయితే ఆ బాలుడు నా గదికి రావడానికి ఏడు నెలలు ఎందుకు పట్టిందని నేను తరచు ఆలోచిస్తూంటాను. జలుబును గురించి మాట్లాడే గొంతుతోనే గజ్జలలోని తామరను గురించి కూడా ఉపాధ్యాయుడు తరగతిలో ఏడాదికి ఒక్కసారి చెప్పినా చాలును. వినే నలభైమందిలో ఎవరో ఒకరికి అది అవసరమై ఉంటుంది.