ఒక డకోటాకు ఎన్ని పేర్లో

మన వాయుసేనలో 'పరశురామ' అనే పాత డకోటా రవాణా విమానం ఉంది. దాని ఒంటి మీద వీపీ 905 అని ఉంటుంది. 1947 అక్టోబరు 27న సిక్కు రెజిమెంటు జవాన్లతో శ్రీనగర్‌లో దిగిన తొలి డకోటా నంబరు అది. ఫొటో చూసినవాళ్లు ఆ విమానమే ఇదనుకుంటారు. కానీ కాదు.

పరశురామను రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో డగ్లస్ కంపెనీ తయారుచేసింది. బ్రిటిష్ వాయుసేనలో ఇది కేఎన్ 397. యుద్ధం ముగిశాక పౌర విమానమై జీ-ఏఎంఎస్‌వీగా బ్రిటన్‌లో దశాబ్దాలు తిరిగింది. రాజకీయ నాయకుడు రాజీవ్ చంద్రశేఖర్ కొని బాగుచేయించి, డకోటా పైలట్‌గా పనిచేసిన తన తండ్రి తరఫున 2018లో వాయుసేనకు ఇచ్చారు. శ్రీనగర్ విమానానికి గౌరవంగా ఆ పాత నంబరు దీనికి పెట్టారు.

రంగులు మారతాయి, నంబర్లు మారతాయి. ఫ్యాక్టరీ ఇచ్చిన నంబరు మాత్రం మారదు. ఫొటోలో అది కనిపించదు కాబట్టి, కనిపించే నంబరు పట్టుకుని విమానం తిరిగిన దేశపు రిజిస్టర్లు తిరగేసి ఫ్యాక్టరీ నంబరు దాకా వెళ్లాలి. అమెరికా విమానమైతే తోక మీద 292847 అని ఉందనుకోండి, అసలు నంబరు 42-92847. మొదటి 4 తోక మీద రాసేవారు కాదు, 42 అంటే ఆర్డరు పడిన ఆర్థిక సంవత్సరం. 1944 జూన్ 6న నార్మండీకి పారాట్రూపర్ల ప్రధాన దళాన్ని ముందుండి నడిపింది ఆ నంబరున్న విమానమే. 2015లో ఇది విస్కాన్సిన్‌లోని ఒక వర్క్‌షాపులో, కొత్త ఇంజన్లు బిగించి పూర్తిగా మార్చేసే వరుసలో దొరికింది. రికార్డుల్లో నంబరు వెతికినవాళ్లు లేకపోతే ఆ చరిత్ర అక్కడితో పోయేది.

ఫొటోలో రెక్కల మీద నార్మండీ దాడికి వేసిన నలుపు తెలుపు పట్టీలుంటే అది 1944 వేసవిదనుకోవచ్చు. అయితే నేడు ప్రదర్శనల కోసం కూడా అవే పట్టీలు వేస్తున్నారు, వెనకున్న మనుషులనూ వాహనాలనూ చూడకుండా తేదీ తేల్చకూడదు. నాకు రంగు కంటే ఒంటి మీద గుర్తుల మీదే నమ్మకం. ఎడమవైపు వెనక సరుకులెక్కించే పెద్ద తలుపు, కిటికీ అద్దం నడుమ తుపాకీ గొట్టం పెట్టుకునే గుండ్రటి రంధ్రం కనిపిస్తే, పైన ఏ కంపెనీ పేరున్నా అది సైన్యం కోసం పుట్టిన విమానమే.

బేగంపేట నుంచి డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా డకోటాలే నడిపింది. 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసింది. మీ ఇంటి ఆల్బంలో అలాంటి విమానం ముందు దిగిన తాతగారి ఫొటో ఉంటే, అంచులు కత్తిరించకుండా స్కాన్ చేయించండి. రిజిస్ట్రేషన్ అక్షరాలు ఆ అంచులోనే ఉండవచ్చు. వెనక ఊరు, సంవత్సరం రాసి పెట్టండి.